కాచుకోవడం వేరు, ఎదురుచూడడం వేరు

సందేహం: రెండు వెబ్ సర్వర్లను పోల్చి ఒక రిపోర్టు రాశాను. అందులో 'డేటాబేస్ లోడ్ కింద అసమకాలిక సర్వర్ దారపు సర్వర్ కంటే మెరుగైన పనితీరును కనబరిచింది' అన్న వాక్యం చూసి తోటివాళ్లు నవ్వారు. ఎసింక్రనస్‌కు 'అసమకాలిక' సరైన మాటేనా?

సమాధానం: మాటలో వ్యాకరణ దోషం లేదు. గ్రీకులో 'సిన్' అంటే కలిసి, 'క్రోనోస్' అంటే కాలం, ముందున్న 'అ' కాదనడానికి. ముక్కకు ముక్క సంస్కృతంలో పెట్టి అతికించారు. పారిభాషిక పదాల పట్టికలో ఉంటే ఉండనివ్వండి. కానీ ఆ మాట విన్నవారికి సర్వర్ ఏం చేస్తుందో తెలుస్తుందా? తెలియదు. నా అభ్యంతరం అదే.

సర్వర్ జవాబు కోసం ఆగి ఉండే పనిని చెప్పడానికి మనకు 'కాచు' ధాతువు ఉంది. కాపు, కావలి, కాపరి దీని సంతానమే. రక్షించడమూ వేచి ఉండడమూ రెండూ ఇందులోనే ఇమిడి ఉన్నాయి. కన్నడంలో 'కాయు'కు ఈ రెండర్థాలూ ఉన్నాయి. తమిళంలో 'కాత్తిరు' అంటే వేచి ఉండు, విడదీస్తే 'కాచి ఉండు'. కావలివాడు చోటు వదలడు కదా, అందుకే కాచుకోవడంలో కదలకుండా ఉండడం అనే భావం స్థిరపడింది. పడిగాపులలోని 'గాపు' కూడా ఈ కాపే. పాలు కాయడం, చెట్టు కాయడం, ఇవి రూపంలో కలిసినా వేరే మాటలు.

మరి ఎదురుచూడడం? అది చూపుతో చేసే పని. దారి మీద ఒక కన్ను వేసి చేతులతో వేరే పని చేసుకోవచ్చు. ఈ రెండింటినీ ఒకటిగా వాడేయడం మనకు బాగా అలవాటైంది. భాష విడివిడిగా ఇచ్చిన వాటిని అలా కలిపేయకండి.

మీ సర్వర్ల తేడా సరిగ్గా ఇదే. థ్రెడ్ల సర్వర్‌లో, అంటే మీ 'దారపు సర్వర్'లో, వచ్చిన ఒక్కో రిక్వెస్టుకు ఒక థ్రెడ్ ఉంటుంది, అంటే ఆ పని మొదటి నుంచి చివరిదాకా చూసే ఒక పనివాడు. డేటాబేస్‌కు క్వెరీ (ప్రశ్న) పంపాక జవాబు వచ్చేదాకా ఆ థ్రెడ్ అక్కడే కాచుకుని ఉంటుంది. సీపీయూను వాడుకోదు, కానీ స్థానం ఖాళీ చేయదు. ఎసింక్ (ఎసింక్రనస్) సర్వర్ క్వెరీ పంపి, జవాబుకు ఎదురుచూస్తూ ఇంకో రిక్వెస్టు అందుకుంటుంది. పైథాన్‌లోనూ జావాస్క్రిప్ట్‌లోనూ 'అవెయిట్' (await) అని రాసినచోట ఆ ఎదురుచూపే ఉంది.

ఇక 'లోడ్ కింద'. ఇది ఇంగ్లిషు వాక్యానికి తెలుగు విభక్తి తొడగడం. పైగా ఒత్తిడి ఎవరి మీద? సర్వర్ మీదా, డేటాబేస్ మీదా? మీ వాక్యం చెప్పదు. ఇది మాటల పట్టింపు కాదు, లెక్కే మారిపోతుంది. డేటాబేస్‌కు 20 కనెక్షన్ల పూల్ (అందరూ పంచుకునే కట్ట) ఉందనుకోండి, ఒక్కో క్వెరీకి 50 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. ఒక కనెక్షన్ సెకనుకు 20 క్వెరీలు, మొత్తం 400. రిక్వెస్టుకు ఒక క్వెరీ చొప్పున ఏ సర్వర్ పెట్టినా 400 దాటదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో డిఫాల్టుగా 100 కనెక్షన్లే అనుమతిస్తారు, గుమ్మం అక్కడే ఇరుకు. ఎసింక్ సర్వర్ తక్కువ మెమరీతో ఎక్కువ మందిని నిలబెట్టుకోగలదు, అంతే. అదే ఎసింక్ సర్వర్‌లో పొరపాటున కాచుకునే రకం డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే ప్రోగ్రాం) పెడితే, రిక్వెస్టులన్నిటినీ నడిపే ఒక్క లూప్ మొత్తం ఆగి ఆగి సెకనుకు 20 దగ్గర కూలబడుతుంది. పేరు ఎసింక్, పని కాపలా! కొలిచేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

థ్రెడ్‌ను థ్రెడ్ అనే ఉంచండి, 'దారపు సర్వర్' వద్దు. బెంచ్‌మార్క్‌కు (పోల్చి కొలిచే పరీక్షకు) 'గీటురాయి' కొంతవరకు నప్పుతుంది. కానీ గీటురాయి చెప్పేది బంగారం మేలిమిని, వేగాన్ని కాదు. 'పోల్చి కొలిచాను' అంటే చాలు. 'పనితీరును కనబరిచింది' అనేది 'పనిచేసింది'కి తొడిగిన బరువు చొక్కా, తీసేయండి.

మీ లెక్కలు నిజంగా అలాగే వచ్చి ఉంటే నేనైతే ఇలా రాస్తాను: 'డేటాబేస్ జవాబులు ఆలస్యమైనప్పుడు, థ్రెడ్లన్నీ కాచుకుని ఉండిపోయిన సర్వర్ కంటే ఎదురుచూస్తూనే పని సాగించిన ఎసింక్ సర్వర్ ఎక్కువ మందిని నిలుపుకుంది.' 'అసమకాలిక' రాసినా తప్పనను, ఒకసారి రాసి పక్కనే ఈ వివరణ ఇస్తే.