పక్కింటి కుక్క మొరుగుడు: ఫిర్యాదు చేసే ముందు

మీ పక్కింటివారి కుక్క రాత్రంతా మొరుగుతోందని, చెప్పినా వారు పట్టించుకోవడం లేదని, పోలీసులకు ఫిర్యాదు చేస్తే పని జరుగుతుందా అని అడిగారు. జరిగినా జరగవచ్చు గానీ, కుక్క ఏ వేళలో, దేనిని చూసి మొరుగుతోందో మీకు స్పష్టంగా తెలియనంతవరకు మీరు యజమానితో మాట్లాడినా, అధికారితో మాట్లాడినా ఆ మాటకు బలం ఉండదని నా అనుభవం.

అనంతపురం సాయినగర్‌లో మా ఇంటి గోడకు ఆనుకొని ఉన్న ఇంటివారు ఒక లాబ్రడార్‌ను పెంచుతున్నారు. వేసవి వచ్చిందంటే మేమందరం మిద్దె మీదే పడుకుంటాము కనుక, మా అమ్మగారికి రక్తపోటు ఉంది కనుక, ఆ మొరుగుడు మాకు చిన్న విషయం కాదు. కొంతకాలం అది మొరిగే వేళలను ఫోనులో రాసి పెట్టుకున్నాను. రెండు సమయాలు స్పష్టంగా తేలాయి. మొదటిది, ఇంటివారు ఉద్యోగాలకు వెళ్ళిన తరువాత వచ్చే మిట్టమధ్యాహ్నం: అప్పుడు కుక్కను రేకుల షెడ్డు కింద పొట్టి గొలుసుతో కట్టేసేవారు, నీళ్ళ గిన్నె తన్నుకొని బోర్లాపడితే మళ్ళీ నింపే మనిషి ఉండేవాడు కాదు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చడం ద్వారానే అది ముఖ్యంగా వేడిని తగ్గించుకుంటుంది. మన ఎండల్లో రేకుల కింద కట్టేస్తే అది అరవకుండా ఏం చేస్తుంది? రెండవది రాత్రి పది దాటిన తరువాత. వీధి చివర కాలువ పక్కన నలుగురూ పారబోసే మిగిలిన అన్నం కోసం ఊరకుక్కలు ఆ వేళకు చేరేవి, గేటు దగ్గర కట్టేసి ఉన్న ఈ కుక్కకు అవి నేరుగా కనిపించేవి. అది మొరిగినప్పుడల్లా లోపలి నుంచి ఎవరో ఒకరు గట్టిగా అదిలించేవారు లేదా నోరు మూయించడానికి ఒక బిస్కెట్టు విసిరేవారు. మొరిగితే బిస్కెట్టు వస్తుందని ఏ కుక్కకైనా త్వరగానే తెలుస్తుంది.

ఈ వివరాలు చేతిలో ఉన్నందువల్ల మాట తేలికైంది. ఆదివారం ఉదయం ఆయన గేటు దగ్గర బండి కడుగుతుండగా వెళ్ళి, "అన్నా, మీ కుక్కకు మధ్యాహ్నం పూట చాలా ఇబ్బందిగా ఉన్నట్లుంది, నీళ్ళు ఒలికిపోతున్నాయి, మీరు లేనప్పుడు జరుగుతోంది కనుక మీకు తెలిసి ఉండదని చెబుతున్నాను" అన్నాను. మా నిద్ర సంగతి ఆ తరువాతే ఎత్తాను. అర్ధరాత్రి గోడ మీద నుంచి అరిచి చెప్పిన మాటకు, పగటిపూట నిదానంగా చెప్పిన మాటకు మనిషి ఇచ్చే జవాబు ఒకటిగా ఉండదు. ఆయన కొంత ముభావంగానే విన్నారు. వదినగారే ముందుగా స్పందించి, రాత్రిళ్ళు కుక్కను పెరటి వైపు గదిలోకి మార్చారు. బోర్లాపడని బరువైన మట్టి తొట్టి తెప్పించారు, సాయంత్రం దానిని నడకకు తీసుకువెళ్ళే పని వారి అబ్బాయికి అప్పగించారు. మొరుగుడు పూర్తిగా పోలేదు, గ్యాస్ బండి వస్తే ఇప్పటికీ వీధి దద్దరిల్లుతుంది, కానీ రాత్రి నిద్ర మాకు దక్కింది.

మీ పొరుగువారు అంత సుముఖంగా లేకపోతే చట్టం సంగతి చూడాలి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, కుక్కను అనవసరంగా ఎక్కువసేపు పొట్టి గొలుసుతో కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన నడక లేకుండా చేయడం నేరాలే. శబ్ద కాలుష్య నియమాలు 2000 నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి గానీ, కుక్క విషయంలో దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని నా సలహా, ఎందుకంటే కొలిచేవారు వచ్చే సమయానికి అది హాయిగా నిద్రపోతూ ఉంటుంది. భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ మొరుగుడుకు వర్తించదు. తన జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయమో తీవ్ర గాయమో కలిగే అవకాశం ఉన్నా యజమాని జాగ్రత్త పడనప్పుడు ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించడానికి అది పనికివస్తుంది. కాబట్టి కుక్క వీధిలోకి వచ్చి పిల్లల మీదికి ఎగబడుతుంటే పోలీస్ స్టేషనుకు వెళ్ళండి. కేవలం శబ్దమే అయితే ముందు వార్డు సచివాలయంలో, ఆపై సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి.

కరవడం వరకు వస్తే అర్జీల కన్నా ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పెంపుడు కుక్కే కదా అని సూదులు మానకూడదు. విసిగిపోయి అన్నంలో మందు కలిపి పెట్టేవారి గురించి మన ఊళ్ళలో వింటూనే ఉంటాం. న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద దానికి ఐదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు, అప్పుడు ముద్దాయి మీరవుతారు, కుక్క యజమాని ఫిర్యాదుదారు అవుతాడు.

అర్జీలో "కుక్క గోల భరించలేకున్నాము" అని మాత్రమే రాయకుండా, ఏ వేళల్లో ఎంతసేపు మొరుగుతోంది, ఎక్కడ కట్టేస్తున్నారు, మీరు ఎప్పుడు ఎవరితో మాట్లాడారు అన్నవి వరుసగా రాసి, మీతోపాటు ఇబ్బంది పడుతున్న మరి నాలుగిళ్ళవారి సంతకాలు పెట్టించండి. ఒక్క ఇంటి సంతకం ఉంటే దానిని ఇరుగుపొరుగు తగాదా కింద కట్టి పక్కన పెట్టేస్తారు.