టెండరు షరతు ఒకరికి ఒకలా, ఇంకొకరికి మరోలానా?

ప్రశ్న: మాది తాళ్లరేవు. తాతల నాటి నుంచి పడవలు కట్టే వృత్తి, ఇప్పుడు ఫైబర్ బోట్లు చేస్తున్నాం. ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ గోదావరి రేవులకు ప్రయాణికుల బోట్ల కోసం ఈ-టెండరు పిలిస్తే వేశాం. ఒకే ఆర్డరులో అంత విలువైన పని చేసిన అనుభవం లేదని మా టెక్నికల్ బిడ్ (అర్హతల కవరు) తోసేశారు. పని దక్కిన కంపెనీకీ ఆ అనుభవం లేదట, అనుబంధ కంపెనీ సర్టిఫికెట్ పెట్టారట. మా రేటు వాళ్లకంటే తక్కువ. కోర్టుకు వెళ్లొచ్చా? వెళ్తే బ్లాక్‌లిస్టులో పెడతారని కొందరు భయపెడుతున్నారు.

జవాబు: ముందు మీ రేటు సంగతి పక్కన పెట్టండి. టెక్నికల్ బిడ్ దగ్గరే ఆగిపోయినవారి ధరల కవరు తెరవరు. ‘తక్కువకే చేస్తానన్నాను’ అనే మాట మీద కేసు నిలబడదు. మీ బలమంతా రెండో ఆరోపణలో ఉంది: మిమ్మల్ని ఆపిన షరతును వాళ్లకు సడలించారన్నది.

బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు కాంట్రాక్టు మీద వచ్చిన రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు 1979లోనే ఈ సంగతి తేల్చింది. అక్కడా ఐదేళ్ల అనుభవం ఉండాలన్న షరతు పెట్టి, అది లేనివారికి పని ఇచ్చారు. తాను పెట్టిన షరతుకు ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడాలి, లేదంటే అందరినీ సమానంగా చూడాలన్న రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధం అని కోర్టు చెప్పింది. అయితే ఈ తీర్పును గొప్పగా చెప్పేవాళ్లు ఒక సంగతి మాత్రం చెప్పరు. ఆ కాంట్రాక్టు రద్దు కాలేదు. పిటిషనర్ నెలల తరబడి ఆలస్యంగా వచ్చారు, ఈలోగా అవతలివాళ్లు డబ్బు ఖర్చు పెట్టేశారు. సూత్రం గెలిచింది, ఆయన మాత్రం ఓడిపోయారు.

మీకూ అదే గండం. అగ్రిమెంటు అయిపోయి, అడ్వాన్సు వెళ్లి, అచ్చుల్లో ఫైబర్ పరవడం మొదలైందంటే పని ఆపడానికి ఏ జడ్జీ సుముఖంగా ఉండరు. పైగా 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి, మౌలిక వసతుల ప్రాజెక్టులు ఆలస్యమయ్యేలా కోర్టులు ఇంజంక్షన్ (పని ఆపే ఉత్తర్వు) ఇవ్వకూడదన్నారు. ఆ జాబితాలో ఓడరేవులు, షిప్‌యార్డులు, లోతట్టు జలమార్గాలు ఉన్నాయి. ప్రభుత్వ చర్యల మీద హైకోర్టులో వేసే రిట్ కేసుల్లో కూడా దీన్ని దృష్టిలో పెట్టుకోవాలని 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బోట్ల పని ఆ జాబితా కిందికి రాదని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీదే భారం వేయకండి.

కాబట్టి ఈ వారంలోనే ఆ సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. పోర్టల్‌లో మీ లాగిన్‌లో కనిపించే ప్రతి కాగితం డౌన్‌లోడ్ చేసుకోండి: టెండరు షరతులు, తర్వాత వచ్చిన సవరణలు, టెక్నికల్ మూల్యాంకనం. అనుబంధ కంపెనీ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని ఆ సవరణల్లో ఎక్కడైనా ఉందేమో జాగ్రత్తగా చూడండి. ఉంటే మీ కేసు చాలావరకు పోయినట్టే. న్యూ హొరైజన్స్ కేసులో (1995) జాయింట్ వెంచర్ (ఉమ్మడి కంపెనీ) భాగస్వాముల అనుభవాన్ని సుప్రీంకోర్టే ఒప్పుకుంది. అలాంటి వెసులుబాటు లేకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయండి. కోర్టు ఎవరి బోటు మంచిదని చూడదు, ఎంపిక సరైన పద్ధతిలో జరిగిందా అన్నదే చూస్తుంది. 1994 నాటి టాటా సెల్యులార్ తీర్పు నుంచి ఇదే వరస.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, కానీ జవాబు వచ్చేదాకా రిట్ ఆపకండి. జవాబుకు గడువు 30 రోజులు. అవతలి కంపెనీ కాగితాలు అడిగారు కాబట్టి వాళ్లకు నోటీసు ఇచ్చి, అభిప్రాయం తీసుకుని తేల్చడానికి 40 రోజుల దాకా పడుతుంది. ‘వ్యాపార రహస్యం’ అని తోసేస్తే మొదటి అప్పీలు వేయడానికి 30 రోజులు, ఆపైన సమాచార కమిషన్‌కు వెళ్లడానికి 90 రోజులు ఉంటాయి. గెలిచిన బిడ్డరు అర్హత పత్రం రహస్యమెలా అవుతుందో నాకైతే అర్థం కాదు. ఈలోగా మూల్యాంకనం ఫైలు తెప్పించమని హైకోర్టునే కోరవచ్చు.

సమాచార హక్కు దరఖాస్తు మీరే పెట్టాలని లేదు. కోటిపల్లి రేవులో రోజూ ఏరు దాటే పౌరుడైనా పెట్టవచ్చు. ఏ దశలో ఎంత డబ్బు ఇచ్చారు, అడ్వాన్సుకు బ్యాంకు గ్యారంటీ ఉందా, ఆలస్యానికి జరిమానా వేశారా, ఇన్లాండ్ వెసల్స్ చట్టం 2021 కింద సర్వే, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు ఉన్నాయా అని అడగాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత ఇవి ఎవరూ అడక్కపోతేనే ఆశ్చర్యపోవాలి. లంచం గురించి ఆధారం ఉంటే ఏసీబీకో లోకాయుక్తకో వెళ్లండి. వాళ్లు విచారిస్తారు, పని మాత్రం మీకు ఇప్పించరు.

బ్లాక్‌లిస్టు గురించి టెన్షన్ పడకండి. కోర్టుకెళ్లడం తప్పు కాదు. షోకాజ్ నోటీసు ఇచ్చి మీ వాదన వినకుండా బ్లాక్‌లిస్టు చేయకూడదని 1975 నుంచీ సుప్రీంకోర్టు మాట. అలా చేస్తే దాని మీదే ఇంకో రిట్ వేయవచ్చు.

మీరు అడగలేదు గానీ, ధరావతు (టెండరుతో పాటు కట్టిన డిపాజిట్) వెనక్కి వచ్చిందో లేదో చూసుకోండి. కేంద్ర సంస్థల టెండర్లయితే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం, మొదటి దశలోనే తిరస్కరించినవారి సొమ్ము ఆ ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు ఇచ్చేయాలి. మీది రాష్ట్ర సంస్థ కాబట్టి టెండరు పత్రంలో రాసిన గడువే మీకు వర్తిస్తుంది. వాపసు కోరే ఉత్తరంలో ‘నా అభ్యంతరాలకు భంగం లేకుండా’ అన్న మాట తప్పక రాయండి.