పెటూనియా కూడా పొగాకు చుట్టమే

చిన్నీ,

నర్సరీలో కొన్న పెటూనియా నెల తిరక్కుండానే ఎండిపోయిందని బాధపడ్డావు. నువ్వు కొన్నది మార్చిలో తల్లీ! అది చలికాలపు పూలమొక్క. హైదరాబాద్‌లో ఎండలు ముదిరాక ఎవరు పెంచినా నిలవదు. ఈసారి సెప్టెంబరు ఆఖర్లో విత్తనంతోనే మొదలుపెట్టు.

పెటూనియా, పొగాకు ఒకే కుటుంబం. దాని పేరు కూడా దక్షిణ అమెరికా వాళ్లు పొగాకుని పిలిచే ‘పెటున్’ అన్న మాట నుంచి వచ్చిందే. ఒంగోలు దగ్గర 30 ఏళ్లు పొగనారు పోసిన వాణ్ని కదా, కుండీలో దీన్ని చూడగానే పాత చుట్టం కనిపించినట్టయింది.

విత్తనం మరీ సన్నం. గ్రాముకి 10,000 దాకా తూగుతాయి. దీని పక్కన గసగసాలు శనగల్లా కనిపిస్తాయి. పొగాకు విత్తనంలో మేం ఇసుక కలిపి చల్లేవాళ్లం, నువ్వూ అదే చెయ్యి. తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద చల్లి వదిలెయ్, పైన మట్టి కప్పకు. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. పైనుంచి నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది కాబట్టి ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వు. వారం పది రోజులకి పచ్చటి నలుసుల్లా లేస్తాయి. ముచ్చటపడి నీళ్లు ఎక్కువ పెట్టావో, నారుకుళ్లు వచ్చి తెల్లారేసరికి కాడలు మెత్తబడి వాలిపోతాయి. ఇంత అనుభవం ఉండి నా మొదటి ట్రే అలాగే పోగొట్టుకున్నాను!

నాలుగైదు ఆకులు వచ్చాక కుండీల్లోకి మార్చు. రోజూ ఐదారు గంటలైనా ఎండ తగలాలి. మొక్క జానెడు కాకముందే తల తుంచెయ్యి. పొగాకుకి ఆకు పెద్దదవ్వాలని తల తుంచి, వచ్చిన పిలకలు కూడా గిల్లేసేవాళ్లం. ఇక్కడ ఆ పిలకలే కావాలి, పూలు పూసేది వాటికే. చెయ్యి రాదని నాకు తెలుసు, అయినా తుంచు.

లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఎరువు తక్కువైందని కంగారుపడకు. మీ బోరు నీళ్ల పనే అయ్యుంటుంది. క్షారగుణం ఎక్కువున్న నీళ్లతో మొక్కకి ఇనుము సరిగా అందదు. మున్సిపల్ నీళ్లు పోసి చూడు.

వాడిన పువ్వుని రేకులతో సరిపెట్టకుండా కింది పచ్చటి తొడిమతో సహా తెంపు. లేకపోతే కాయ కట్టి, పూత తగ్గిపోతుంది. మొగ్గల్లో చిల్లులు కనిపిస్తే రాత్రి టార్చ్ వేసి చూడు, పురుగు దొరుకుతుంది.

అల్లుడుగారికి ఒక మాట చెప్పు. సిగరెట్ తాగిన చేత్తో మొక్క ముట్టుకోవద్దను. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా దీనికీ అంటుకుంటుంది. మీ తాతయ్య చుట్ట తాగాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే నారుమడిలో దిగేవాడు.

మీ పెదనాన్న