ఉపగ్రహ చిత్రాలతో మీథేన్ నిజంగా తగ్గుతుందా, మ్యాపులే మిగులుతాయా?

"సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి రిమోట్ సెన్సింగ్ వైపు రావాలనుంది. ఉపగ్రహాలతో గ్రీన్‌హౌస్ వాయువులను చూసి నిజంగా తగ్గిస్తున్నారా, లేక రంగురంగుల మ్యాపులు గీసి ఊరుకుంటున్నారా?" అని మీరు అడిగారు. చెన్నైలో ఆరేళ్లుగా ఈ పనే, అంటే ఉపగ్రహాల డేటాతో నేలనీ గాలినీ గమనించే పనే, చేస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. మ్యాపులు గీసి ఊరుకోవడమే ఎక్కువ. అయితే కొన్నిచోట్ల తగ్గుతోంది కూడా.

నేనుండేది తొరైపాక్కంలో. గాలి అటునుంచి తిరిగిందంటే పెరుంగుడి చెత్తకుప్ప వాసన నేరుగా మా బాల్కనీలోకి వచ్చేస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఆ కుప్ప అంటుకుని రోజుల తరబడి పొగలు కక్కింది. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది, చెత్త కుళ్లితే వచ్చే గ్రీన్‌హౌస్ వాయువు మీథేన్ ఈ కుప్ప నుంచి ఎంత వస్తోందో నేనే లెక్క కడదామని. 2017లో పంపిన సెంటినెల్-5పీ ఉపగ్రహం డేటా ఉచితంగానే దొరుకుతుంది. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చున్నాను.

తేలిందేమిటంటే, ఆ ఉపగ్రహం చూసే ఒక్కో గడి (పిక్సెల్) సుమారు 5.5 కిలోమీటర్లు ఇటు, 7 కిలోమీటర్లు అటు. మన కుప్ప ఒక చదరపు కిలోమీటరుకు అటూ ఇటూ. అదే గడిలో పల్లికరణై చిత్తడినేల ఉంది, వేళచ్చేరి ఇళ్లున్నాయి. చిత్తడినేల కూడా మీథేన్ వదులుతుంది. పైగా మీథేన్‌ను పట్టే పరారుణ కాంతికి నీళ్లు నల్లగా కనబడతాయి, వెనక్కి వచ్చే వెలుతురు చాలదు. వానాకాలమంతా మబ్బులు సరేసరి. కుప్ప వాటా ఎంత, చిత్తడినేల వాటా ఎంత అని విడదీయడం నా వల్ల కాలేదు. ముక్కుకి తెలిసింది కంప్యూటర్‌కి తెలియలేదు!

అలాగని ఎవరికీ కుదరలేదని కాదు. ఢిల్లీ, ముంబై చెత్తకుప్పల మీద 2022లో వచ్చిన పరిశోధనలో ముందు ఈ పెద్ద గడుల ఉపగ్రహంతో అనుమానం ఉన్న చోటు పట్టుకున్నారు. తర్వాత జీహెచ్‌జీశాట్ అనే కెనడా కంపెనీ వాళ్ల చిన్న ఉపగ్రహాలను అక్కడికి గురిపెట్టారు. వాటి గడి 25 మీటర్లే. గ్యాస్ పైపులైన్లు, చమురు బావుల దగ్గర ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. ఎక్కడ కారుతోందో తెలిస్తే వెళ్లి వాల్వు బిగించేస్తారు, అంతే. చెత్తకుప్పకి బిగించడానికి వాల్వు ఏదీ?

నాకు బాగా తెలిసింది వరి. నిండుగా నీళ్లు పెట్టిన మడిలో మట్టికి గాలి ఆడదు. అక్కడ పెరిగే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి, అందులో చాలా భాగం వరి మొక్కల్లోంచే గొట్టంలోంచి వచ్చినట్టు బయటికి వస్తుంది. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ నీళ్లు పెడితే ఇది బాగా తగ్గుతుంది. ఎప్పుడూ నీళ్లు నిలిపిన మడితో పోలిస్తే, చాలాసార్లు ఆరబెట్టిన మడికి ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) 2019 లెక్క 0.55, అంటే మీథేన్ దాదాపు సగానికి వచ్చేస్తుంది. కాబట్టి ఇక్కడ వాయువుని చూడాల్సిన పనే లేదు. నీళ్లున్నాయా లేదా అన్నది చూస్తే చాలు. తనే రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చేవాటిని బట్టి నేలను చూసే రాడార్ ఉపగ్రహానికి మబ్బులూ అడ్డం కావు.

చాలనే అనుకున్నాను. నాయుడుపేట దగ్గర కొన్ని ఊళ్లలో ఎవరు మడి ఆరబెట్టారో చూసి చెప్పాలి, దాన్నిబట్టి వాళ్లకు కార్బన్ క్రెడిట్ డబ్బులు, అంటే తగ్గించిన వాయువుకి వచ్చే సొమ్ము. నాట్లు వేసిన 50 రోజులకు నా మ్యాపులో మడులన్నీ ఎండినట్టు వచ్చాయి. సంతోషంగా జీపులో వెళ్లి గట్టు దిగితే చీలమండ దాకా నీళ్లు. రైతు గట్టు మీద నిలబడి, "ఏంది సార్, మీ శాటిలైట్‌కి మా మడిలో నీళ్లు కనబడలా?" అన్నాడు. బూట్లు చేత్తో పట్టుకుని నవ్వాను, ఇంకేం చేస్తాను.

తప్పు నాదే. నాట్ల ముందు దమ్ము చేసి నీళ్లు పెట్టినప్పుడు రాడార్‌లో మడి నల్లగా, స్పష్టంగా కనబడుతుంది. గాలికి నీళ్ల మీద అలలు లేస్తే మాత్రం అప్పుడూ మోసపోతాం, ఆ సముద్రం పక్క ఊళ్లలో గాలికి కొదవ లేదు. పైరు పెరిగి ఆకులు కమ్ముకున్నాక కింద నీళ్లున్నా లేకపోయినా తేడా తెలియదు. పైగా అప్పట్లో నేను వాడే రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 పన్నెండు రోజులకోసారి వచ్చేది. మడి ఐదారు రోజుల్లో ఆరి మళ్లీ తడిసిపోతుంది. 20 సెంట్ల మడికి నాకు వచ్చేవి ఎనిమిది గడులు, గట్టు పక్కవి తీసేస్తే మిగిలేది ఒకటో రెండో.

ఇప్పుడు పద్ధతి మార్చాం. నాట్ల తేదీకి, మొదటి వారాల నీళ్లకు ఉపగ్రహం. ఆ తర్వాత మడిలో పాతిన చిల్లుల పైపు. అందులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగితేనే మళ్లీ నీళ్లు పెట్టాలి. ఊళ్లో కుర్రవాళ్లు వారానికి రెండుసార్లు పైపు ఫొటో తీసి పంపుతారు. ఎవరి ఫొటోకీ ఉపగ్రహానికీ పొత్తు కుదరదో వాళ్ల దగ్గరికి మేం వెళ్తాం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్ మీద నాకు కొంచెం ఆశ ఉంది. దాని పొడవాటి ఎల్-బ్యాండ్ తరంగాలు ఆకుల్ని దాటుకుని ఇంకొంచెం లోపలికి వెళ్తాయి. పన్నెండు రోజుల బెడద మాత్రం దానికీ ఉంది.

మీరు వస్తానంటే రాడార్ నేర్చుకోండి, అందంగా కనబడే రంగుల చిత్రాల జోలికి తర్వాత పోవచ్చు. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో మొదలుపెట్టండి, డబ్బు ఖర్చు ఉండదు. నైట్రస్ ఆక్సైడ్ గురించి కూడా చదవండి, అదీ గ్రీన్‌హౌస్ వాయువే. మడి ఆరబెట్టి యూరియా గుప్పిస్తే అది పెరుగుతుంది, మన లెక్కలో కొంత తినేస్తుంది. కనీసం ఒక పంటకాలం పొలాల్లో తిరగండి. ఆటో స్టార్టర్ ఎందుకు పెడతారో చూస్తే సగం అర్థమైపోతుంది. వ్యవసాయ కరెంటు ఉచితం, ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది, రైతు నిద్రపోతుంటాడు, మడి నిండిపోతుంది.

నన్ను ఆటపట్టించిన ఆ రైతు ఇంకా ఆటో స్టార్టర్ తీయలేదు. ఆయన పక్క మడి అతను తీసేశాడు. మడి ఆరేసరికి కలుపు లేచింది. ఆ కూలి ఎవరిస్తారని పోయిన వారం కూడా ఫోన్ చేశాడు.