బోరు కేబుల్ కొనేముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

బోరులో నీళ్లు పడ్డాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. 5 హెచ్‌పీ మోటారుకు 2.5 స్క్వేర్ ఎంఎం (లోపలి తీగ లావు కొలత) కేబుల్ చాలని షాపులో అన్నారట. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు.

షాపు మాట అబద్ధం కాదు. త్రీ ఫేజ్ 5 హెచ్‌పీ మోటారు లాగేది 10 ఆంప్స్‌కు అటూ ఇటూ. దానికి 2.5 కేబుల్ కాలిపోదు. కానీ వాళ్లు నిన్ను దూరం అడగలేదు. మోటారు దించేది 600 అడుగుల లోతుకు, షెడ్డు నుంచి బోరు దాకా ఇంకో 380. కలిపితే దగ్గర దగ్గర 300 మీటర్లు. అంత పొడవున 2.5 రాగి కేబుల్ సుమారు 35 వోల్టులు తినేస్తుంది. 4 అయితే 22, 6 అయితే 15. సప్లై 415 కదా, అందులో 20 వోల్టులకు మించి కేబుల్‌కే పోతే నేను ఒప్పుకోను. నువ్వు 6 తీసుకో.

పైగా మన చేను ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరం. అందరి మోటార్లూ ఆడే వేళ స్టార్టర్ దగ్గరికే వోల్టేజీ తగ్గి వస్తుంది. అప్పుడు మోటారు అవే నీళ్లు ఎత్తడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పదో వంతు పెరిగితే మోటారు లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్‌లో వేడి ఐదో వంతు పెరుగుతుంది.

ఈ మోటార్ల పనికి కొత్తలో ఒక రైతు మిరప తోటలో నేనే సన్న కేబుల్ దించాను. ఒక్క పంటలో రెండుసార్లు మోటారు కాలింది. రెండుసార్లూ వైండింగ్‌దే తప్పనుకున్నాను. మోటారు ఆపి వోల్టేజీ చూసేవాణ్ణి, నిండుగా కనిపించేది. కరెంటు పారనప్పుడు కేబుల్ వోల్టులు తినదు మరి. మూడోసారి ఆడుతుండగా తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెడితే 13 ఆంప్స్. అప్పటికే తోట వాడిపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇప్పటికీ బాధే.

కేబుల్ మీద ఐఎస్ 694 (కేబుళ్ల భారతీయ ప్రమాణం) ముద్ర చూడు. ఒక తీగను బ్లేడుతో గీకు, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. బోరులోకి దించేది ఒకే ముక్క కావాలి, మోటారు వైరుతో కలిపే జాయింటు తప్ప లోపల ఇంకొకటి వద్దు. డబ్బు సరిపోకపోతే షెడ్డు నుంచి బోరు దాకా 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం వెయ్యి, 6 రాగికి అది సమానం.

రేపు టేపుతో దూరం కొలిచి ఫోన్ చెయ్యి. అడుగులు అంచనాగా చెప్పకు.

మీ మామయ్య