పాస్‌వర్డ్ మార్చినా మెయిల్స్ ఆగడం లేదా?

ప్రశ్న: మా యూనివర్సిటీలో హాస్టల్ వైఫైకి, మెయిల్‌కి ఒకటే లాగిన్. వైఫై కోసం జూనియర్‌కు ఇచ్చాను. ఇప్పుడు నా మెయిల్ నుంచి అందరికీ ‘స్కాలర్‌షిప్ పెండింగ్, ఈ లింక్ నొక్కండి’ అని వెళ్తున్నాయి. పాస్‌వర్డ్ మార్చినా ఆగలేదు. ఫోన్ ఫార్మాట్ చేయాలా?
- పీజీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: ముందు ఫోన్ జోలికి పోకండి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు మొదలయ్యాయంటే నాకు ఇదే ఉత్తరం వస్తుంది, ఊరు పేరొక్కటే మారుతుంది. మిర్యాలగూడ, వనపర్తి, ఇప్పుడు మీరు.

పాస్‌వర్డ్ మార్చగానే దొంగ బయటికి పోయాడనుకుంటారు. పోకపోవచ్చు. కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడండి. చాలా ఫోన్ యాప్‌లలో ఇవి కనిపించవు, అందుకే ఎవరూ చూడరు. మీరు పెట్టని రూల్ ఒకటి అక్కడ ఉండొచ్చు. పేరు చోట ఒక చుక్క మాత్రమే ఉండొచ్చు, కంటికి ఆనదు. అది చేసే పనేమిటంటే, ‘ఈ మెయిల్ నువ్వే పంపావా?’ అని మీ ఫ్రెండ్స్ అడిగిన జవాబులన్నీ మీరు చూడకముందే చెత్తబుట్టలో పడేస్తుంది. వచ్చిన మెయిల్స్ కాపీలు ఇంకెక్కడికో పంపే రూల్ కూడా ఉండొచ్చు. అవన్నీ ఫొటో తీసుకుని తొలగించండి. రికవరీ నంబర్ మీదేనా చూడండి. మీ మెయిల్ వాడుకోవడానికి అనుమతి ఇచ్చిన యాప్‌లు తీసేసి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టి, మళ్లీ పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. సెంట్ (పంపినవి) ఫోల్డర్‌లో ఉన్న మెయిల్స్ మాత్రం చెరపొద్దు, కంప్యూటర్ సెంటర్ వాళ్లకు అవే ఆధారం. ఎవరి డబ్బయినా పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

జూనియర్ దొంగ అనడం లేదు. అతనే ఏదో నకిలీ పేజీలో మీ పాస్‌వర్డ్ కొట్టి ఉంటాడు. కానీ లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో రాసుకునే చిట్టాలో, పడేది మీ లాగిన్ ఐడీ అయిన హాల్‌టికెట్ నంబరే, అతని పేరు కాదు. లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022లోనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసానికి వాడితే ఐటీ చట్టం 66సి కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పోలీసులు ముందు మీ తలుపే తడతారు.

ప్రశ్న: క్యాంపస్ వైఫైలో బ్లాక్ చేసిన సైట్లకు ఉచిత వీపీఎన్ వాడొచ్చా?
- డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: వద్దు. క్యాంపస్ వాళ్లకు కనిపించకూడదని, ఎవరో తెలియని వాడి సర్వర్ గుండా మీ ట్రాఫిక్ అంతా పంపిస్తున్నారు.

పిల్లల్ని తిట్టడం సులువే. లాగిన్ ఐడీ హాల్‌టికెట్ నంబర్, మొదటి పాస్‌వర్డ్ పుట్టినతేదీ అని పెట్టిన యూనివర్సిటీ వాళ్లనేమనాలి? నంబర్ నోటీసు బోర్డు మీద ఉంటుంది, పుట్టినతేదీ వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. ఇక వైఫై పేజీ కొన్ని గంటలకోసారి పాస్‌వర్డ్ అడుగుతుంది, పైన బ్రౌజర్ ‘సురక్షితం కాదు’ అంటూనే ఉంటుంది. ఆ హెచ్చరికను దాటేయడం పిల్లలకు మనమే అలవాటు చేశాం. యూనివర్సిటీ వాళ్లకు చెప్పేదొకటే: వైఫైకి, మెయిల్‌కి వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టండి, మొదటి లాగిన్‌లోనే మార్పు తప్పనిసరి చేయండి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో టిక్కు పెట్టే మనిషి కావాలి.