పసుపు ఒంటికి పట్టాలంటే క్యాప్సూలే మింగాల్నా?

ప్రశ్న: నమస్తే మేడం. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. మెడికల్ షాపుల నానో కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వాడుమన్నరు, మామూలు పసుపు కంటె ఎన్నో రెట్లు ఒంటికి పడ్తదంట, డబ్బా మీద కైటోసాన్ అని కూడ రాసి ఉన్నది. ఇది నిజమేనా, ఉట్టిగ రేటు పెంచెతందుకా? మా పుట్టిల్లు ఆర్మూర్ దిక్కు, ఇంట్ల పసుపుకు కొదువ లేదు, పాలల్ల కలిపిస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఎక్కువ పట్టుడు నిజమేనమ్మా. కానీ రక్తంలకు ఎక్కువ పోవుడు వేరు, నొప్పి తగ్గుడు వేరు, డబ్బా మీద రాసేది మొదటి ముచ్చట ఒక్కటే.

పసుపుల అసలు పని చేసే పదార్థం కర్క్యుమిన్, అది నూటికి మూడు పాళ్ల దాక ఉంటది. అంటె చెంచెడు పసుపు, ఒక మూడు గ్రాములు వేస్తే అందుల 90 మిల్లీగ్రాములు. అది కూడ నీళ్లల్ల కరగదు, పేగులల్లకు పోయేసరికి కొంత విరిగిపోతది, మిగిలిన దాన్ని పేగు గోడ, లివర్ కలిసి రూపం మార్చి బయటికి పంపిస్తయి. అందుకే ఉట్టి పసుపు నీళ్లల్ల కలిపి తాగితే రక్తంల దాదాపు ఏం దొరకదు.

ఇగ కైటోసాన్ అంటె రొయ్యలు, ఎండ్రికాయల పెంకుల నుంచి తీసే పదార్థం. నానో అంటె కంటికి కనపడనంత చిన్న కణాలు, కర్క్యుమిన్‌ను కైటోసాన్‌ల చుట్టి అట్ల చేస్తరు. దానికి పాజిటివ్ చార్జ్ ఉంటది, పేగు లోపటి జిగటకు నెగటివ్ ఉంటది, కావట్టి పోయి అతుక్కుంటది, మందు అక్కడ ఎక్కువ సేపు ఆగుతది, కణాల నడుమ సందులు కూడ కాసేపు వదులైతయి. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌ది ఇంకో పద్ధతి. కడుపుల యాసిడ్‌కు అది గట్టిగ ముడుచుకుంటది, పేగులల్లకు పోయినంక ఉబ్బి లోపటిది వదుల్తది, మిర్చి బస్తాను తొవ్వల ఎక్కడ విప్పకుండ ఎనుమాముల మార్కెట్ దాక తెచ్చి అక్కడ విప్పినట్టు. అందుకే ఇసొంటివి తయారు చేసేటోళ్లు చానమంది రెండిట్నీ కలిపి వాడ్తరు.

పాలు కూడ తక్కువది కాదు. పాలల్లున్న కేసిన్ ప్రొటీన్‌కు కర్క్యుమిన్ అంటుకుంటది, పాలల్ల కొవ్వు ఉంటది, మీరు చిటికెడు మిర్యాల పొడి కూడ వేస్తే ఇంకా మంచిది. 1998ల బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిర్యాలల్ల ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే మనుషుల రక్తంల 2000 శాతం పెరిగింది. ఈ అంకెనే ఇప్పటికీ యాడ్లల్ల తిప్పుతుంటరు. కానీ పైపరిన్ లేకుండ రక్తంల దొరికిందే నామమాత్రం, దాని మీద ఎన్ని రెట్లు పెరిగినా ఎంతయితది? ఇంకోటి, కొందరు లివర్ రూపం మార్చేసిన కర్క్యుమిన్‌ను కూడ లెక్కల కలుపుతరు, అసలు కర్క్యుమిన్ ఎంత ఉన్నదనేది చెప్పరు.

మోకాళ్ల మీద జరిగిన ట్రయల్స్‌ల ఎక్కువ శాతం రోజుకు 500 నుంచి 1500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఇచ్చిండ్రు, కొందరికి నొప్పి తగ్గింది. పాలల్ల పసుపుతోటి అంత డోసు రాదు. పాలు రోజూ ఇయ్యండి, మంచిదే, కానీ అది మందు అనుకోకండి.

క్యాప్సూల్ వాడాలనుకుంటే ముందు డాక్టర్‌ను అడుగాలె, ఇది మాత్రం నేను గట్టిగ చెప్తున్న. రక్తం పల్చబడే మందులు, పిత్తాశయంల రాళ్లు, లివర్ సమస్య, వీటిల ఏదున్నా వద్దు. ఎక్కువ ఒంటికి పట్టేటట్టు చేసిన పసుపు క్యాప్సూల్స్‌తోటి లివర్ దెబ్బతిన్న కేసులు వేరే దేశాలల్ల రికార్డయినయి, 2019ల ఇటలీల అయితే చానా వచ్చినయి. కండ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగుల వచ్చినా అదే రోజు ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలె. మీ ఆయనకు రొయ్యలు పడకున్నా, శాకాహారి అయినా కైటోసాన్ ఎక్కడి నుంచి తీసిండ్రో చూడాలె, బూజు జాతి నుంచి తీసేది కూడ ఉంటది. ఇవేవీ లేకుంటే రెండు నెలలు వాడి చూడండి, ఫరక్ కనపడకుంటే ఆ పైసలు ఫిజియోథెరపీకి పెట్టండి, తొడ కండరాలు గట్టిపడితే మోకాలికి జరిగే మేలు చానా ఎక్కువ.

ప్రశ్న: నేను బీఎస్సీ చదువుతున్న. ప్రాజెక్టుకు నేరేడు పండ్ల రంగును ఆల్జినేట్ గోళీలల్ల పెడ్తామనుకుంటున్న. మా కాలేజీ ల్యాబుల అయితదా?
– ఒక విద్యార్థి, జగిత్యాల

జవాబు: అయితది తమ్మీ, మంచిగ అయితది. నేరేడు రంగు ఆంథోసయనిన్, యాసిడ్‌ల నిలబడ్తది, న్యూట్రల్‌కు వస్తే పాడైతది, కాబట్టి గోళీల పెట్టాలన్న ఆలోచన సరైందే. రెండు శాతం సోడియం ఆల్జినేట్‌ల రసం కలిపి సిరంజితోటి ఒక్కొక్క చుక్క క్యాల్షియం క్లోరైడ్ నీళ్లల్ల వేస్తే గోళీలు అక్కడికక్కడే గట్టిపడ్తయి. తిప్పలంతా దాని తర్వాతనే. ఈ రంగు నీళ్లల్ల కరిగేది, గోళీల నుంచి ఆ నీళ్లల్లకే కారిపోతుంటది, ఎక్కువ సేపు నానబెట్టకు, తీసి పల్చటి ఎసిటిక్ యాసిడ్‌ల కరిగించిన కైటోసాన్‌ల ముంచు, పైన పొర పడ్తది. కోటింగ్ ఉన్నయి, లేనియి రెండూ చేసి పోల్చు, అప్పుడే ప్రాజెక్టుకు బలం.

ఎంత రంగు వదిలిందో pH 1.2ల (కడుపు లెక్క), 6.8ల (పేగు లెక్క) చూడాలె గానీ కంటితోటి చూసి రాయకు, pH మారితే ఈ రంగే ఎరుపు నుంచి నీలం దిక్కు మారుతది. ప్రతి శాంపిల్‌ను pH 1.0కు, 4.5కు తెచ్చి కలరీమీటర్‌ల రెండు రీడింగులు తీసి తేడా లెక్కకట్టు. పండ్లు సీజన్ దాటితే దొరుకుడు కష్టమైతది, రసం తీసి ఫ్రీజర్‌ల పెట్టుకో, ల్యాబుల చేసిన గోళీలు మాత్రం నోట్ల వేసుకోకు.